స్టీరింగ్ పక్క మారిన కథ

తాడేపల్లిగూడెంలో ఇప్పుడు నిట్ ఉన్న నేల ఒకప్పుడు రన్‌వే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తీరం తీరమంతా హడలిపోయిన కాలం అది. ఆ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ వాళ్ళు గూడెంలో వేసిన రన్‌వే, యుద్ధం ముగిశాక దశాబ్దాల పాటు పనిలేక పడి ఉంది. 2015లో నిట్ మంజూరై, తర్వాత అక్కడ భవనాలు లేచాయి. ఊళ్ళోవాళ్ళకి మాత్రం అవి ఇప్పటికీ విమానాశ్రయం భూములే. విమానాల సంగతి ఎలా ఉన్నా, ఆ యుద్ధం మన రోడ్ల మీదికి తెచ్చిపెట్టిన బండి ఒకటి చాలాకాలం నిలిచింది. అదే జీపు.

విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధకాలంలో ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. అన్నిటికీ స్టీరింగ్ ఎడమ పక్కనే. అమెరికా సైన్యం కోసం చేసిన బండి మరి. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న వాటిని వేలంలో పాడుకున్నవాళ్ళు దేశమంతటా ఉన్నారు. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కూడా చాలా జీపులకు ఎడమ స్టీరింగే కొనసాగింది. పాత సినిమాల్లో పోలీసు జీపు కనబడితే డ్రైవరు ఏ పక్క కూర్చున్నాడో ఈసారి గమనించండి.

మన ప్రాంతంలో అలాంటి జీపు నడపడం ఒక తమాషా. ఏలూరు నుంచి కైకలూరు వైపో, ఆకివీడు వైపో వెళ్ళే రోడ్లు ఎత్తు గట్ల మీద నడుస్తాయి. ఓ పక్క కాలవ, ఓ పక్క చేపల చెరువు. ఎదురుగా లారీ వస్తే ఎడమకి, అంచు దాకా దిగాలి. అప్పుడు ఎడమ స్టీరింగు డ్రైవరు మహారాజు. గట్టు అంచు, గడ్డి, దాని కింద నీళ్ళు, అన్నీ అతని మోచేతి కిందే కనబడతాయి. ముందున్న ఎడ్లబండిని దాటాలన్నప్పుడే వస్తుంది చిక్కు. బండి సగం అవతలి పక్కకి వస్తే గాని ఎదురుగా ఏముందో అతనికి తెలీదు. అందుకని కుడి పక్క కూర్చున్నవాడు మెడ బయటికి పెట్టి "రా రా, ఖాళీయే" అంటే గాని దాటడానికి లేదు. ఆ మాట చెప్పేవాడికి నిద్ర పట్టిందంటే ఇద్దరికీ మూడినట్టే.

ఇంకో ఇబ్బంది చేతి సిగ్నలుతో. సిగ్నల్ లైట్లు లేని రోజుల్లో డ్రైవరు కుడి చెయ్యి బయటికి చాపి ఆగుతున్నాననో, తిరుగుతున్నాననో చెప్పేవాడు. ఎడమ పక్కన కూర్చున్నవాడి చెయ్యి వెనక వచ్చేవాడికి ఎలా కనబడుతుంది? అందుకే మన 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ఎడమ స్టీరింగు బళ్ళని నిషేధించలేదు గాని, యాంత్రికమైనదో విద్యుత్‌దో పనిచేసే సిగ్నల్ పరికరం ఉంటేనే రోడ్డెక్కాలంది. జీపు వెనక "లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్" అని ఎర్ర రంగుతో రాయించడమూ ఈ భయంతోనే.

ఇంతకీ స్టీరింగ్ ఎడమకెందుకు వెళ్ళింది? తొలి రోజుల్లో అమెరికాలో కూడా కుడి స్టీరింగు కార్లే ఎక్కువ. 1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టీకి స్టీరింగ్ ఎడమ పక్కన పెట్టాడు. కుడి పక్క నడిచే రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండి బాగా కనబడుతుంది, పక్కన కూర్చున్నవాళ్ళు బురదలో కాకుండా కాలిబాట మీదికే దిగుతారు. మోడల్ టీ కోటిన్నర అమ్ముడయ్యాక మిగతా కంపెనీలకు వేరే దారి లేకపోయింది. అమెరికా ఎడమ స్టీరింగుకి స్థిరపడింది. ఎడమ పక్క నడిచే బ్రిటన్, దాని పాలన కింద ఉన్న మనం కుడి స్టీరింగుకి స్థిరపడ్డాం.

యుద్ధం ముగియగానే రెండు బళ్ళు ఎదురెదురుగా ప్రయాణం కట్టాయి. ఎడమ స్టీరింగు జీపు ఎడమ పక్క నడిచే మన దేశానికి వచ్చింది. కుడి స్టీరింగు స్పోర్ట్స్ కారు కుడి పక్క నడిచే అమెరికాకి వెళ్ళింది. ఆ కారు పేరు ఎంజీ. ఇప్పుడు మన ఊళ్ళలో తిరిగే హెక్టర్ మీదున్న బిళ్ళ అదే. పేరు, బిళ్ళ చేతులు మారి చైనా కంపెనీ దాకా వచ్చాయి గాని, నేను చెప్పేది ఆక్స్‌ఫర్డ్ పక్కన అబింగ్డన్‌లో తయారైన అసలు ఎంజీల గురించి.

1945లో బ్రిటన్ అప్పుల్లో ఉంది. డాలర్లు కావాలి. ఉక్కు రేషన్ మీద దొరికేది, ఎగుమతి చేసే ఫ్యాక్టరీకే ముందు ఇచ్చేవాళ్ళు. ఎంజీ దగ్గర ఉన్నది యుద్ధానికి ముందటి కారుకి కాస్త మెరుగులు దిద్దిన టీసీ. పొడుగు ముక్కు, సన్నటి తీగల చక్రాలు, 1250 సీసీ ఇంజను, రెండు సీట్లు. 1949 దాకా పది వేలు చేశారు. అందులో రెండు వేల దాకా అమెరికా వెళ్ళాయి. ఒక్కదానికీ ఎడమ స్టీరింగు లేదు. దానికి తోడు ఇంజను వేగం చూపే మీటరు డ్రైవరు ముందు, బండి వేగం చూపే స్పీడోమీటరేమో పక్కన కూర్చున్నవాడి ముందు! అమెరికాలో ఓవర్‌టేక్ చెయ్యాలన్నా, ఎంత స్పీడులో పోతున్నామో తెలియాలన్నా పక్కవాణ్ణి అడగాల్సిందే. అయినా కొన్నారు. ఇంగ్లండులో పనిచేసి వెళ్ళిన అమెరికన్ సైనికులు అక్కడ ఈ కార్లు నడిపి మనసు పారేసుకున్నవాళ్ళు.

కొనేవాడు ఎడమ స్టీరింగు అడుగుతాడని ఎంజీ వాళ్ళకి తెలియక కాదు. టీసీలో అది తేలికగా అయ్యే పని కాదు. పాత పద్ధతిలో స్టీరింగ్ కడ్డీ చివర ఒక బాక్సు ఉంటుంది. బాక్సు నుంచి కిందికి ఒక చెయ్యి వేలాడుతుంది. ఆ చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతూ రాడ్లని తోస్తే చక్రాలు తిరుగుతాయి. బాక్సు ఛాసిస్ కుడి దూలానికి బిగించి ఉంటుంది. దాన్ని ఎడమకి తేవాలంటే బాక్సు, చెయ్యి, రాడ్లు, అవి పట్టుకునే బ్రాకెట్లు అన్నీ కుడికి ఎడమగా కొత్తగా పోత పోయించాలి. ఆ పక్కనే ఇంజను సామాన్లు అడ్డం వస్తాయి. పది వేల కార్ల కోసం అంత ఖర్చు ఎవరు పెడతారు?

ఈ ముడి విప్పిన మనిషి ఆ పని చేసింది స్పోర్ట్స్ కారు కోసమూ కాదు, అమెరికా కోసమూ కాదు. అలెక్ ఇసిగోనిస్ 1906లో స్మిర్నాలో, అంటే ఇవాళ్టి టర్కీలోని ఇజ్మీర్‌లో పుట్టాడు. తర్వాత మోరిస్ మైనర్, మినీ కార్లతో ప్రపంచానికి తెలిసిన ఇంజనీరు. యుద్ధానికి ముందు మోరిస్ కంపెనీలో జాక్ డేనియల్స్ అనే సహచరుడితో కలిసి ఒక చిన్న కుటుంబ కారు కోసం కొత్త ముందుభాగం గీశాడు. ముందు చక్రాలు దేనికది విడిగా స్ప్రింగుల మీద ఊగాలి. అలా ఊగినప్పుడు స్టీరింగ్ అదరకూడదు. దాని కోసం బాక్సు తీసేసి, రాక్ అండ్ పినియన్ పెట్టాడు. కారుకి అడ్డంగా పళ్ళ కడ్డీ ఒకటి, దాని మీద చిన్న పళ్ళ చక్రం ఒకటి. స్టీరింగ్ తిప్పితే పళ్ళ చక్రం తిరిగి కడ్డీని ఆ పక్కకో ఈ పక్కకో జరుపుతుంది. అంతే. ఇందులో దాగి ఉన్న లాభం చూడండి. కడ్డీ ఎలాగూ రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉంది. పళ్ళ చక్రాన్ని కుడి కొసన పెడితే కుడి స్టీరింగు, ఎడమ కొసన పెడితే ఎడమ స్టీరింగు. చక్రాల దగ్గర కొత్తగా చెయ్యాల్సింది ఏమీ లేదు.

యుద్ధం వచ్చి ఆ పని ఆగింది. చివరికి 1947లో ఎంజీ వై టైప్ అనే బుద్ధిమంతుడైన సెలూన్ కారు కింద అది బయటికి వచ్చింది. ఆ కారు కొన్నవాళ్ళు డాక్టర్లు, వకీళ్ళు లాంటివాళ్ళు. రేసు గీసు జోలికి పోనివాళ్ళు.

1949లో టీసీ తర్వాత ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు అబింగ్డన్‌లో సెసిల్ కజిన్స్, అతని మనుషులు డ్రాయింగులు గియ్యకుండా నేరుగా షెడ్డులో పని మొదలుపెట్టారు. ఒక వై టైప్ ఛాసిస్ తీసుకొచ్చారు. మధ్యలో ఐదు అంగుళాలు కోసేసి మళ్ళీ అతికించారు. దాని మీద టీసీ బాడీని సరిచేసి కూర్చోబెట్టారు. రెండు వారాల్లో నమూనా కారు తయారైందని ఎంజీ చరిత్రల్లో ఉంటుంది. మన లారీ షెడ్లలో ఛాసిస్ కోసి పొడుగు చేసే మేస్త్రీలకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. డ్రాయింగులు తర్వాత గీసుకున్నారు. అదే టీడీ. కుటుంబ కారు ఛాసిస్‌తో పాటు దాని రాక్ స్టీరింగూ వచ్చేసింది. దాంతో టీ వరసలో ఎడమ స్టీరింగు వేసిన మొదటి కారు ఇదే అయింది. 1953 దాకా దాదాపు ముప్పై వేలు చేస్తే, ఇరవై మూడు వేలకు పైగా అమెరికాకే పోయాయి. తీగల చక్రాలు పోయి రేకు చక్రాలు వచ్చాయని పాత అభిమానులు మూతి ముడిచారు. అమ్మకాలు వాళ్ళ మూతుల్ని లెక్కచెయ్యలేదు.

ఇక అక్కణ్ణుంచి దారి సాఫీ. 1955లో వచ్చిన ఎంజీఏ లక్షా వెయ్యి దాటి తయారైతే, సొంత దేశం బ్రిటన్‌లో అమ్ముడైనవి ఆరు వేల లోపే. 1962 నుంచి 1980 దాకా నడిచిన ఎంజీబీ ఐదు లక్షలు దాటింది. దానికీ పెద్ద బజారు అమెరికానే. ట్రయంఫ్, ఆస్టిన్ హీలీ, జాగ్వార్ ఈ టైప్, అన్నిటిదీ ఇదే వరస. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అంటే చూడ్డానికి బ్రిటిష్, కూర్చోడానికి అమెరికన్. 1980 అక్టోబరులో అబింగ్డన్ ఫ్యాక్టరీకి తాళం పడింది.

అలా అమెరికా వెళ్ళిన కార్లు కొన్నాళ్ళకి బ్రిటన్‌కి వెనక్కి రావడం మొదలైంది. దానికి కారణం తుప్పు. ఆకివీడు, కైకలూరు చేపల లారీల అడుగుభాగం ఎప్పుడైనా వంగి చూశారా? ఐసు కరిగి, చేపల నీళ్ళతో కలిసి, రాత్రంతా కారుతూనే ఉంటుంది. పైన రంగు కొత్త పెళ్ళికూతురిలా ఉన్నా కింద రేకు అప్పడంలా రాలిపోతుంది. బ్రిటన్‌లో ప్రతి కారుదీ ఇదే గతి. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు టైర్ల మీంచి ఎగిరి బాడీ పొరల మధ్య దూరతాయి. ఎంజీబీకి వేరే ఛాసిస్ లేదు. తలుపుల కింద ఉండే రేకు పెట్టెల మీదే కారు బరువంతా నిలబడుతుంది. మొదట కుళ్ళేవీ అవే. 1980లు వచ్చేసరికి ఈ కార్ల మీద మోజు పెరిగి ధరలు లేచాయి గాని, బ్రిటన్‌లో మిగిలిన వాటికి అడుగు లేదు. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులు వెతికి తీసి, ఎంజీబీ బాడీలు మళ్ళీ కొత్తగా వత్తడం మొదలుపెట్టింది. ఆగిపోయిన కారుకి కొత్త ఒళ్ళు అమ్మడం ఎంత పెద్ద వ్యాపారమో, తుప్పు ఎంత పని చేసిందో దాన్నిబట్టి అర్థమవుతుంది.

అప్పుడు కాలిఫోర్నియా, అరిజోనా గుర్తొచ్చాయి. వాన లేదు, ఉప్పు లేదు. ఎండకి సీట్లు పగిలి, డ్యాష్‌బోర్డు బీటలు తీసి, రంగు వెలిసిపోయి ఉంటుంది గాని రేకు మాత్రం గట్టిగా ఉంటుంది. అలాంటి కార్లని ఓడల్లో వెనక్కి తెచ్చి, స్టీరింగ్ కుడికి మార్చి అమ్మడం ఒక వృత్తిగా స్థిరపడింది. బ్రిటన్‌లో ఎడమ స్టీరింగుతో నడపడం నేరమేమీ కాదు. కాని అక్కడి పల్లె రోడ్లు కూడా మన గట్టు రోడ్ల లాంటి సన్నటివే. ఎడ్లబండి బదులు ట్రాక్టరు, కాలవ బదులు ముళ్ళకంచె.

పని ఎలా జరుగుతుందో ఎంజీబీ మీద చూద్దాం. ఫ్యాక్టరీ వాళ్ళు ఒకే బాడీని రెండు రకాలకీ వాడారు కాబట్టి, ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉన్న రేకు గోడలో పెడళ్ళ పెట్టెకి రెండు పక్కలా చోటుంది. వాడని పక్క రంధ్రాన్ని ఒక పలకతో మూసి స్క్రూలు బిగించి ఉంచారు. పలక విప్పి, పెడళ్ళ పెట్టె కుడికి తెచ్చి, ఆ పలకని ఎడమ పక్క బిగించాలి. బ్రేకు, క్లచ్ పైపులు కొత్తగా వంచుకోవాలి. స్టీరింగ్ కడ్డీ కుడికి వస్తుంది. డ్యాష్‌బోర్డు కుడి స్టీరింగుదే వేరే దొరకబుచ్చుకోవాలి. 1968 నుంచి అమెరికా భద్రతా చట్టాల కోసం అక్కడికి వెళ్ళే కార్లకి దిండులాంటి లావు డ్యాష్‌బోర్డు పెట్టారు. దాన్ని తిరగేసి వాడే వీలు లేదు. హెడ్‌లైట్లు కూడా మార్చాలి. డిమ్ కొట్టినప్పుడు వెలుగు రోడ్డు అంచు మీద పడాలి గాని ఎదుటివాడి కళ్ళలో కాదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది రాక్ దగ్గర. డబ్బు మిగులుతుందని ఎడమ స్టీరింగు రాక్‌నే తలకిందులు చేసి బిగిస్తే పళ్ళ చక్రం కుడి పక్కకి వస్తుంది. చూడ్డానికి అంతా సరిపోతుంది. కాని కడ్డీ, పళ్ళ చక్రం ఒకదానికొకటి పైనా కిందా తారుమారవుతాయి. స్టీరింగ్ కుడికి తిప్పితే కారు ఎడమకి పోతుంది! కుడి కారుకి కుడి రాక్ కొనాల్సిందే. అది ఎక్కడైనా దొరికే వస్తువు కాబట్టి పెద్ద కష్టం లేదు. పెద్ద ఆస్టిన్ హీలీ విషయం అలా కాదు. అందులో పాత పద్ధతి బాక్సే ఉంది కాబట్టి బాక్సు, అవతలి పక్క దానికి జతగా ఉండే చెయ్యి, రెండూ తారుమారు కావాలి. పని రెట్టింపు, ఖర్చు అంతకన్నా ఎక్కువ.

నా మటుకు నాకు ఈ మొత్తం కథలో ముచ్చటేసేది ఏమిటంటే, ఎడమ నుంచి కుడికి మార్చే మెకానిక్కి పని సులువు చేసింది ఎడమ కార్లు అమ్ముకుందామని ఫ్యాక్టరీ చేసిన ఏర్పాటే. అసలు ఇసిగోనిస్ రాక్ పెట్టింది ఇందుకు కానే కాదు. గతుకుల్లో స్టీరింగ్ అదరకుండా ఉండాలని పెట్టాడు.

ఇవాళ ఈ రెండు పక్కల తయారీ మన రాష్ట్రంలోనే జరుగుతోంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి సెల్టోస్ కార్లు చేస్తోంది. మన రోడ్ల కోసం కుడి స్టీరింగుతో, గల్ఫ్ దేశాలకీ లాటిన్ అమెరికాకీ పంపడానికి ఎడమ స్టీరింగుతో. అక్కడ ఆ మాటే ఎవరికీ విశేషం కాదు.

పాత ఎంజీ మీద మనసున్నవాళ్ళు ఏలూరులోనూ భీమవరంలోనూ ఉండకపోరు. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు ఇటు ఎన్నో ఉన్నాయి, అక్కడ పాత కారు కొనడం కష్టమేమీ కాదు. ఇక్కడికి తేవడమే తిప్పలు. మన దిగుమతి విధానం మామూలుగా కుడి స్టీరింగే ఉండాలంటుంది. ఇక్కడికి తెచ్చాక మార్పిద్దామంటే చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా గట్టిగానే చెప్పింది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్ళు దాటిన బండికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. పెడళ్ళ పెట్టె పక్క మారడం ఇందులోకి వస్తుందా రాదా అన్నది ముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది. బండి వచ్చాక అడిగితే కుదరదు.

ఇక్కడే ఎవరైనా ఎంజీబీ అమ్మజూపి, పుట్టుకతోనే కుడి స్టీరింగు అంటే మూడు చోట్ల చూడండి. ఛాసిస్ నంబరు పలక మీద జీహెచ్ఎన్ తర్వాత అంకె పక్కన ఎల్ అక్షరం ఉంటే అది ఎడమ స్టీరింగుతో పుట్టిన కారు. బానెట్ ఎత్తి ఎడమ పక్క పలక స్క్రూలు ఈమధ్య విప్పినట్టున్నాయా చూడండి. చివరగా అద్దం కింద వైపర్లు లెక్కపెట్టండి. 1968 తర్వాత అమెరికా పంపిన ఓపెన్ టాప్ ఎంజీబీలకి అక్కడి చట్టం కోసం మూడు వైపర్లు పెట్టారు, బ్రిటన్‌లో అమ్మిన వాటికి రెండే. స్టీరింగ్ మార్చినవాళ్ళలో చాలామంది ఆ మూడో వైపరు జోలికి పోరు.